చిన్న టెర్రియర్ తెచ్చుకోవాలా, వద్దా? బెజవాడ ఇళ్ల కోసం ఒక పోలిక

"మాది అపార్ట్‌మెంటండీ, పెద్ద కుక్క కుదరదు. ఇలాంటి చిన్న టెర్రియర్ అయితే బాగుంటుంది కదా?" పటమటలో పొద్దున్నే మా టిప్పుని తిప్పుతుంటే తరచూ ఎవరో ఒకరు ఆపి ఇదే మాట అడుగుతారు. టిప్పు జాక్ రస్సెల్ టెర్రియర్. పదకొండేళ్లుగా మా ఇంట్లో ఉన్నాడు. వాడంటే మాకు ప్రాణం. అయినా అడిగినవాళ్లకు వెంటనే "తెచ్చుకోండి" అని చెప్పలేను. వాడు ఆరు కిలోలే ఉంటాడు. ఆ ఆరు కిలోల కోసం మేం నిద్ర లేచే వేళ మారింది, బాల్కనీకి అదనంగా జాలీ పడింది, తులసి కుండీ నేల మీద నుంచి గోడ మీదకు ఎక్కింది.

అందుకే ఇల్లు ఎన్ని చదరపు అడుగులు అనే లెక్కతో మొదలుపెట్టకండి. ఆ కుక్కను మనుషులు ఏ పని కోసం తయారు చేశారో ముందు తెలుసుకోండి. టెర్రియర్ అనే పేరు భూమి అనే అర్థమున్న లాటిన్ మాట 'టెర్రా' నుంచి వచ్చింది. నక్కలు, ఎలుకలు నేలలో బొరియల్లో దాక్కుంటే లోపలికి దూరి వాటిని తరమడం, పట్టి చంపడం వీటి పని. యజమాని బయటే ఉండిపోతాడు. చీకటి బొరియలో ఏం చేయాలో కుక్కే తేల్చుకోవాలి. అందుకే టెర్రియర్‌కు మొండితనం, తవ్వడం, గట్టిగా అరవడం, తనకన్నా పెద్ద జంతువు మీదకు వెళ్లడం రక్తంలోనే ఉన్నాయి. వీటిని చెడ్డ అలవాట్లుగా చూస్తే పొరపాటు, ఆ పనికి కావాల్సిన గుణాలే ఇవి. శిక్షణతో అదుపు చేయగలం కానీ తీసేయలేం.

జాతి పేరు కన్నా ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఎండ. మే నెలలో బెజవాడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పుడు సరిగా పనిచేయదు. మన ఊళ్లో ఎండతో పాటు ఉక్కపోత కూడా ఉంటుంది కాబట్టి రెండు వైపులా దెబ్బే. వేసవిలో కుక్కను ఉదయం ఆరు లోపు, మళ్లీ రాత్రి ఏడున్నర దాటాకే బయటికి తీసుకెళ్లాలి. చేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. అప్పటిదాకా ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. కాబట్టి అసలు ప్రశ్న: మీ ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో రోజూ ఐదింటికి లేచేది ఎవరు? "మా వాడు లేస్తాడండీ" అని పదో తరగతి పిల్లాడిని చూపించే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఆ పిల్లాడు రెండేళ్లలో ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోతాడు. కుక్క పద్నాలుగేళ్లు ఉంటుంది.

రెండోది వీధి కుక్కలు. మన వీధుల్లో గుంపులు ఎక్కువ. పెంపుడు కుక్కల్లో చాలావరకు గుంపును చూడగానే వెనక్కి తగ్గి మన కాళ్ల మధ్యకు వస్తాయి. టెర్రియర్లలో ఎక్కువవి తగ్గవు. ఆరు కిలోల కుక్క ఒక్కోటి ఇరవై కిలోలుండే నాలుగు కుక్కల మీదకు దూకితే ఏమవుతుందో ఊహించుకోండి. మెడ బెల్టు కాకుండా ఛాతీకి చుట్టే బెల్టు వేయాలి, వదిలిపెట్టి తిప్పకూడదు, ఏ సందులో గుంపు ఉంటుందో తెలిసి ఉండాలి.

మూడోది అరుపు, దానితో పక్కింటివాళ్లు. లిఫ్ట్ చప్పుడైనా, వాచ్‌మన్ గేటు తీసినా, కొరియర్ బెల్ కొట్టినా టెర్రియర్ సమాధానం చెబుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది మనకు అండే. కానీ పై ఫ్లాట్లో పసిబిడ్డ నిద్రపోవాలి, పక్కన పరీక్షలకు చదివే పిల్ల ఉంటుంది. వాళ్ల ఇబ్బంది కూడా నిజమే. కొనక ముందే రెండు పక్కలా వాళ్లకు ఒక మాట చెబితే తర్వాత గొడవలు చాలా తగ్గుతాయి. మేం అలా చెప్పలేదు. మొదటి ఏడాదంతా లిఫ్ట్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఇంకా ఇంట్లో ఎవరెవరున్నారు, రోజులో ఎన్ని గంటలు ఇల్లు ఖాళీగా ఉంటుంది, బొచ్చు దువ్వే ఓపిక ఉందా అనేవి చూసుకోండి. బుడమేరు పక్క కాలనీల్లో ఉండేవాళ్లకు మరొకటి కూడా ఉంది. 2024 సెప్టెంబరులో వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల కింది వాటా మునిగింది. వాళ్ల స్పిట్జ్‌ని బకెట్‌లో కూర్చోబెట్టుకుని పై అంతస్తుకు ఎక్కారు. కుక్కను ఒక చేత్తో ఎత్తుకోగలగడం అలాంటి రోజున చాలా పెద్ద విషయం.

జాక్ రస్సెల్ టెర్రియర్

ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పనిచేసిన జాన్ రస్సెల్ అనే పాస్టర్ పేరు మీద ఈ జాతి వచ్చింది. 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఆయన ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడ టెర్రియర్‌ను కొన్నాడు. ఈ వంశం దానితోనే మొదలైందని చెబుతారు. నక్కల వేటలో గుర్రాల వెంట పరిగెత్తి, అవసరమైతే బొరియలో దూరే కుక్క ఆయనకు కావాల్సింది. అంటే గంటల తరబడి పరిగెత్తే ఓపికను కావాలని పెంచారు. ఆ ఓపికను రెండు పడగ్గదుల ఫ్లాట్‌లోకి తెచ్చుకుంటున్నామన్నది మరిచిపోకూడదు.

ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 5 నుంచి 6 కిలోలు. ఎక్కువగా తెలుపు, ముఖం మీద గోధుమ లేదా నలుపు మచ్చలు. పొట్టి బొచ్చు కాబట్టి దువ్వే పని తక్కువ, రాలడం మాత్రం బాగానే రాలుతుంది. నల్ల ప్యాంటు వేసుకున్న రోజు తెలిసిపోతుంది. సన్నటి ఒళ్లు, ఇరుకు కాని ముక్కు వల్ల మన ఎండకు పగ్ కన్నా చాలా నయం. కానీ ఆటలో పడితే ఒళ్లు వేడెక్కుతున్నా ఆగదు, ఆపాల్సింది మనమే. ఒకసారి ఏప్రిల్‌లో పొద్దున్న ఎనిమిదింటికి టెర్రస్ మీద బంతి ఆడించాను. అరగంటలో టిప్పు తూలిపోయాడు. కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, పశువుల డాక్టర్ దగ్గరకు పరిగెత్తాం. ఆ రోజు తర్వాత వేసవిలో ఆట అంతా ఇంట్లోనే, ఫ్యాన్ కిందే.

రోజుకు కనీసం గంట నడక, దానికి తోడు బుర్రకు పని. పాత తువ్వాలులో తిండి గింజలు చుట్టి వెతకమనడం, అట్టపెట్టెలో పాత బట్టలు నింపి తవ్వనివ్వడం లాంటివి. తవ్వడానికి వాడికంటూ చోటు ఇచ్చాకే మా పూల కుండీలు బతికాయి.

ఎలుకల సంగతి విడిగా చెప్పాలి. మన ఊళ్లో పందికొక్కుల బాధ ఎవరికి లేదు? మా సెల్లార్‌లో టిప్పు పట్టినవి లెక్కలేనన్ని. చాలామంది దీన్ని లాభంగానే చూస్తారు, కానీ ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, కుక్కకు దాని టీకా ఏటా తప్పకుండా వేయించాలి. రెండోది ఎలుకల మందు. సెల్లార్‌లో పెట్టే మందుల్లో చాలావరకు రక్తం గడ్డకట్టకుండా చేసేవే. ఆ మందు తిన్న ఎలుకను కుక్క తిన్నా విషం ఎక్కే అవకాశం ఉంది, లక్షణాలు రెండు మూడు రోజులకు గానీ బయటపడవు. అసోసియేషన్ మందు పెట్టిన రోజు మీకు చెప్పేలా మాట్లాడుకోండి. పోరంకి, పెనమలూరు, నున్న వైపు పొలాల పక్కన ఇళ్లున్నవాళ్లు పాముల గురించీ ఆలోచించాలి. తాచుపామును చూసి చాలా కుక్కలు దూరం నుంచి అరుస్తాయి, జాక్ రస్సెల్ నోటితో పట్టబోతుంది.

పిల్లల విషయంలో, ఎనిమిదేళ్లు దాటి బంతి విసరగల పిల్లలకు ఇంతకన్నా మంచి నేస్తం ఉండదు. తోక లాగే పసివాళ్లున్న ఇంటికి వద్దు, వీటికి అంత సహనం లేదు. ఇంట్లో కుందేలు, చిలుక, పిల్లి ఉంటే అసలే వద్దు.

యార్క్‌షైర్ టెర్రియర్

పొడవాటి పట్టులాంటి బొచ్చు, తల మీద చిన్న పిలక చూసి ఇదేదో రాణివాసపు కుక్క అనుకుంటారు. కానీ ఇది 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టిన కార్మికుల కుక్క. ఆ తెగువ ఇప్పటికీ ఉంది, ఒళ్లు మాత్రం చిన్నదైపోయింది. జాతి ప్రమాణం ప్రకారం బరువు సుమారు 3.2 కిలోలు దాటకూడదు.

బెజవాడ ఫ్లాట్‌కు టెర్రియర్లలో ఒకటి ఎంచుకోమంటే, ఇంట్లో రోజంతా ఒక మనిషి ఉండేలా అయితే, నేను దీన్నే చెబుతాను. అరగంట నడక, ఇంట్లో కాస్త ఆట సరిపోతాయి. ఎండ మరీ ఎక్కువైన రోజు హాల్లో ఆడించినా సర్దుకుంటుంది. లోపలి పొర లేని ఒంటి పొర బొచ్చు కాబట్టి రాలడం తక్కువ. కానీ మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. పొడవుగా ఉంచితే రోజూ దువ్వాలి, లేకపోతే ఉక్కపోతకు చిక్కులు కట్టి కింద చర్మం పుండు పడుతుంది. మన ఊళ్లో దాన్ని పొట్టిగా కత్తిరించి ఉంచడమే మంచిది. ఫొటోల్లో ఉన్నట్టు నేల ఊడ్చే బొచ్చు మీద ఆశ పెట్టుకోకండి.

దీని బలహీనతలు వేరు. పాలపళ్లు ఊడకుండా కొత్త పళ్ల పక్కనే ఉండిపోతాయి, పళ్ల జబ్బులు తొందరగా వస్తాయి. వారంలో వీలైనన్ని రోజులు బ్రష్ చేయాలి. మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం మెత్తబడి మూసుకుపోయి పొడి దగ్గు రావడం ఈ జాతిలో ఎక్కువ, అందుకే మెడకు బెల్టు కట్టొద్దు. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కువసేపు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. సోఫా మీద నుంచి దూకితే కాలు విరిగే కుక్క ఇది. ఐదారేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో దీనికే ప్రమాదం. బాల్కనీ గ్రిల్ సందుల్లోంచి దూరిపోగలదు కాబట్టి జాలీ వేయాలి.

"టీకప్ యార్కీ" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. అలాంటి జాతి లేదు. రెండు కిలోలు కూడా తూగని పిల్లలను వెతికి పెట్టే పేరు అది. పైన చెప్పిన జబ్బులన్నీ వాటికి మరింత ఎక్కువ.

వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్

స్కాట్లండ్ చలి కోసం తయారైన రెండు పొరల తెల్ల బొచ్చు. మంచి స్వభావం, హుషారు, 7 నుంచి 10 కిలోలు. కానీ అలర్జీతో వచ్చే చర్మ రోగాలకు ఈ జాతి పేరు పడింది. మన తేమలో, పిడుదులు, ఫంగస్ ఏడాదంతా ఉండే చోట అలాంటి చర్మమున్న కుక్కను పెట్టడం దానికి న్యాయం కాదు. ఇంట్లో పగలంతా ఏసీ నడవకపోతే దీని గురించి ఆలోచించకండి.

టెర్రియర్ కాకపోతే

స్పిట్జ్ మనకు తెలిసిన కుక్కే. చాలా ఇళ్లలో "పమేరియన్" అని పిలుస్తున్నది నిజానికి ఇండియన్ స్పిట్జ్. తరాలుగా ఈ దేశంలో పెరిగింది, పెరుగన్నం తిని కూడా బతికిన జాతి. అరుపులో టెర్రియర్‌కు తీసిపోదు, కానీ వేటబుద్ధి తక్కువ. మొదటిసారి కుక్కను పెంచే కుటుంబానికి జాక్ రస్సెల్ కన్నా ఇది సులువు. బొచ్చు రాలడమే దీనితో ఇబ్బంది.

పగ్ చూడ్డానికి ముద్దొస్తుంది. నొక్కేసినట్టున్న ముక్కు వల్ల రొప్పి ఒళ్లు చల్లబరుచుకోవడం దానికి కష్టం. ఆ గురక ఊపిరాడని చప్పుడు. బెజవాడ వేసవికి నేనైతే సలహా ఇవ్వను. పేరులో టెర్రియర్ ఉన్న బోస్టన్ టెర్రియర్‌ది కూడా ఇదే పొట్టి ముక్కు.

నాటు కుక్క గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ ఎండకు, ఈ తేమకు ఇక్కడే తరతరాలుగా బతికి నిలిచిన ఒళ్లు దానిది. పొట్టి బొచ్చు, సరైన ముక్కు, మంచి తెలివి. మన వీధి పిల్లను రెండు నెలల వయసులో తెచ్చుకుని టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పద్నాలుగేళ్లు హాయిగా ఉండే కుక్క అవుతుంది. లోటు ఏమిటంటే పిల్ల ఎంత పెద్దదవుతుందో ముందే చెప్పలేం, 12 నుంచి 20 కిలోలు ఉండొచ్చు, కొన్ని కొత్తవాళ్లతో తొందరగా కలవవు. "చిన్న కుక్కే కావాలి" అనడం వెనక అసలు కారణం తిండి ఖర్చా, స్థలమా, ఎత్తుకోవాలన్న కోరికా అని ఒకసారి ఆలోచించండి. స్థలమే కారణమైతే, ఇంట్లో పడుకుని ఉండే 15 కిలోల నాటు కుక్క పరిగెత్తే 6 కిలోల జాక్ రస్సెల్ కన్నా తక్కువ చోటు తీసుకుంటుంది.

| | బరువు | మన ఎండకు | రోజూ నడక | బొచ్చు పని | డ్రై ఫుడ్ నెలకు, సుమారు |
|---|---|---|---|---|---|
| జాక్ రస్సెల్ | 5–6 కిలోలు | ఫర్వాలేదు, ఆట ఆపాలి | గంటకు పైన | తక్కువ, రాలుతుంది | 4 కిలోలు |
| యార్క్‌షైర్ | 3 కిలోల వరకు | పొట్టిగా కత్తిరిస్తే బాగానే | అరగంట | ఎక్కువ | 2 కిలోలు |
| వెస్ట్ హైలాండ్ | 7–10 కిలోలు | కష్టం | ముప్పావు గంట | ఎక్కువ, చర్మ వైద్యం | 4–5 కిలోలు |
| చిన్న స్పిట్జ్ | 5–7 కిలోలు | అలవాటైంది | అరగంట | మధ్యస్థం, బాగా రాలుతుంది | 3 కిలోలు |
| నాటు కుక్క | 12–20 కిలోలు | అన్నిటికన్నా బాగా | ముప్పావు గంట | తక్కువ | 7 కిలోలు |

ఏ ఇంటికి ఏది

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇల్లు తాళం ఉంటే ఏ టెర్రియర్ కుక్కపిల్లనూ తేవొద్దు. ఒంటరిగా ఉన్న జాక్ రస్సెల్ తలుపు చెక్క కొరుకుతుంది, యార్క్‌షైర్ రోజంతా ఏడుస్తుంది. అలాంటి ఇంటికి రెండు మూడేళ్లు నిండి నెమ్మదించిన నాటు కుక్క కొంత నయం, మధ్యాహ్నం ఒకరు వచ్చి చూసి వెళ్లే ఏర్పాటు ఉంటేనే.

రిటైరై, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పెద్దవాళ్లకు యార్క్‌షైర్ బాగుంటుంది. మా పెద్దమ్మ దగ్గర ఒకటి ఉంది. మధ్యాహ్నం సీరియల్ చూస్తూ ఆవిడ దాన్ని దువ్వుతుంది, ఇద్దరికీ అదే మంచి కాలక్షేపం. కానీ కాళ్లకు అడ్డం పడి మనిషి జారిపోయే ప్రమాదం ఉంది. దాని మెడలో చిన్న మువ్వ కట్టమని నేనే చెప్పాను. పెద్దవాళ్లకు జాక్ రస్సెల్‌ను పిల్లలు కానుకగా పంపడం మాత్రం దయచేసి చేయకండి.

కానూరు, గొల్లపూడి వైపు చుట్టూ గోడ, కాస్త ఖాళీ స్థలం ఉన్న ఇల్లు, రోజూ పరిగెత్తే అలవాటున్న మనిషి, పెద్ద పిల్లలు ఉంటే జాక్ రస్సెల్ వాళ్ల కోసమే పుట్టిందనిపిస్తుంది. గోడ కింద తవ్వి బయటికి పోకుండా అడుగు లోతున ఇటుక వరుస వేయించండి.

తెచ్చుకునేటప్పుడు

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టిప్పుని మాకు ఐదో వారంలోనే చేతిలో పెట్టారు. అది తప్పని అప్పుడు మాకు తెలియదు. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్లలు తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకుంటాయి. టిప్పుకు ఆ మూడు వారాలు దక్కలేదు. వాడికి అది నేర్పడానికి మాకు ఏడాది పట్టింది, మా అబ్బాయి చేతి మీద మచ్చ ఇంకా ఉంది. పిల్లను కాదు, ముందు తల్లిని చూపించమనండి. తల్లి పిరికిగా నక్కినా, మీద పడి కరవబోయినా తిరిగి వచ్చేయండి. జాతిని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలు ఉన్నాయంటే అందులోని మైక్రోచిప్ నంబరూ, పిల్ల ఒంట్లోని చిప్ నంబరూ ఒకటేనా అని డాక్టర్ దగ్గర స్కాన్ చేయించండి. పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, ఏడాదంతా పిడుదుల మందు, ఇవి ఏ జాతికైనా తప్పవు. పెద్ద ఆపరేషన్లు, స్కానింగ్‌లు కావాల్సి వస్తే గన్నవరం పశువైద్య కళాశాల మనకు దగ్గరలోనే ఉంది.

ప్రమాదకర జాతులను నిషేధించమంటూ 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్ తర్వాత కొన్ని అపార్ట్‌మెంట్లలో టెర్రియర్ అన్న మాటకే భయపడుతున్నారు. ఆ జాబితాలో ఉన్నవి పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ లాంటి పెద్ద దవడల జాతులు. జాక్ రస్సెల్, యార్క్‌షైర్ అందులో లేవు. ఆ సర్క్యులర్ కూడా తర్వాత కోర్టుల్లో నిలవలేదు. అసోసియేషన్ వాళ్లు అడిగితే గొడవ పడకుండా ఇదే నెమ్మదిగా చెప్పండి.

ఇంకో దారి ఉంది, నాకు తెలిసినవాళ్లకు నేను ఇదే ముందు చెబుతాను. నేను చూసినంతలో జాక్ రస్సెల్‌ను వదిలించుకునేవాళ్లు ఎక్కువగా అది పది నెలల నుంచి రెండేళ్ల మధ్య వయసులో ఉన్నప్పుడు వదిలేస్తారు. ముద్దు పోయి, బలం వచ్చి, ఇల్లు పీకేసే వయసు అది. అలాంటి కుక్క గురించి మీ పశువుల డాక్టర్‌కు చెప్పి ఉంచండి. దాని ఎత్తు, స్వభావం, పిల్లలతో ఎలా ఉంటుంది, ఎంత అరుస్తుంది అన్నీ అప్పటికే తేలిపోయి ఉంటాయి. పాత యజమానితో మాట్లాడుకుని వారం రోజులు ఇంటికి తెచ్చుకోండి. ఆ వారం మే నెలలో పడితే మరీ మంచిది.